సాల్గా: మున్సిపాలిటీల తరఫున మాట్లాడే హక్కు ఒక సంఘానికి ఎలా వచ్చింది?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పి, తర్వాత జవాబులోకి వెళ్తాను. దక్షిణాఫ్రికాలో మున్సిపాలిటీలన్నిటికీ కలిపి 'సాల్గా' అనే జాతీయ సంఘం ఉందని, దాని ప్రస్తావన ఆ దేశ రాజ్యాంగంలోనే ఉందని కొత్త కౌన్సిలర్ల శిక్షణ తరగతిలో విన్నానన్నారు. అది ప్రభుత్వ సంస్థా, యూనియన్ లాంటిదా, లేక మన మేయర్ల సమావేశాల వంటిదా అని అడిగారు. దానివల్ల మున్సిపాలిటీలకు నిజంగా ఒరిగిందేమిటి, మన రాష్ట్రాల్లో అలాంటిది సాధ్యమా అన్నవి మీ మిగతా సందేహాలు. ఉద్యోగమంతా పురపాలక పద్దుల మధ్యనే గడిచినవాణ్ని, నిధుల పంపకం ఎక్కడ ఎలా జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తితో ఈ సంస్థ గురించి చాలాకాలంగా చదువుతున్నవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

సాల్గా అంటే సౌత్ ఆఫ్రికన్ లోకల్ గవర్నమెంట్ అసోసియేషన్. 1996 నవంబరులో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం ప్రిటోరియాలో ఉంది. ప్రస్తుతం ఆ దేశంలో 257 మున్సిపాలిటీలున్నాయి. వాటిలో 8 మహానగరాలు, 44 జిల్లా మున్సిపాలిటీలు, 205 స్థానిక మున్సిపాలిటీలు. డర్బన్ నగరాన్ని పాలించే ఎతెక్వీని ఆ ఎనిమిది మహానగరాల్లో ఒకటి. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఆ దేశంలో పట్టణాలకొక చట్టం, పల్లెలకొక చట్టం అని వేరుగా లేవు. దేశంలోని ప్రతి జానెడు నేలా ఏదో ఒక మున్సిపాలిటీ పరిధిలోకే వస్తుంది. అందువల్ల మన లెక్కలో చెప్పాలంటే మేయర్ల సంఘం, మున్సిపల్ చైర్మన్ల చాంబర్, సర్పంచుల సంఘం, జిల్లా పరిషత్తుల సంఘం అన్నీ కలిసి ఒకే గొడుగు కిందికి వచ్చినట్టు.

అది ప్రభుత్వ సంస్థా కాదా అన్నదానికి ఒక్క మాటలో జవాబు దొరకదు. దాన్ని నడిపేది మున్సిపాలిటీలు ఎన్నుకున్న ప్రజాప్రతినిధులు, పోషించేది ప్రధానంగా మున్సిపాలిటీలు కట్టే సభ్యత్వ రుసుము. అయినా చట్టం దృష్టిలో అది ప్రజాధనానికి లెక్క చెప్పవలసిన సంస్థల జాబితాలో ఉంది. దాని ఖాతాలను ఆడిటర్ జనరల్ తనిఖీ చేస్తారు, వార్షిక నివేదిక పార్లమెంటు ముందుకు వెళ్తుంది. అంటే స్వచ్ఛంద సంఘానికుండే నిర్మాణమూ, ప్రభుత్వ సంస్థకుండే జవాబుదారీతనమూ రెండూ ఉన్నాయి. ఇది కాక దానికి మరో పాత్ర ఉంది: మున్సిపల్ ఉద్యోగుల జీతభత్యాల బేరసారాల్లో యాజమాన్యం వైపు కూర్చునేది అదే. మీరు యూనియన్ లాంటిదా అని అడిగారు కదా, నిజానికి అది యూనియన్లకు ఎదురుగా ఉండే కుర్చీలో కూర్చుంటుంది.

అసలు ఒక సంఘం రాజ్యాంగంలోకి ఎందుకు ఎక్కిందో తెలియాలంటే ఆ దేశపు గతం కొంచెం తెలియాలి. వర్ణవివక్ష కాలంలో తెల్లవారి పట్టణాలకు వేరే పాలక సంస్థలుండేవి. పక్కనే ఉన్న నల్లవారి బస్తీలకు పేరుకు మాత్రమే స్థానిక సంస్థలుండేవి, వాటికి పన్ను రాబడి ఉండేది కాదు. దుకాణాలు, కర్మాగారాలు, గనుల కార్యాలయాలు అన్నీ తెల్ల పట్టణం పరిధిలో ఉండేవి. వాటిలో పనిచేసేవాళ్లు, వాటిలో కొనేవాళ్లు సొవెటో వంటి బస్తీల్లో ఉండేవారు. అందుకే 1980లలో అద్దెలు, సేవా రుసుములు కట్టబోమని జరిగిన ఉద్యమం నుంచి 'ఒకే నగరం, ఒకే పన్ను ఆధారం' అన్న నినాదం పుట్టింది. స్థానిక పాలన అన్నది వాళ్లకు చెత్త ఎత్తడం, దీపాలు వెలిగించడం మాత్రమే కాదు, స్వాతంత్ర్య పోరాటంలో భాగం. ఆ కారణంగానే 1996 రాజ్యాంగం జాతీయ, ప్రావిన్సు, స్థానిక ప్రభుత్వాలను పైనా కిందా అన్న అంతస్తులుగా కాక, వేటికవి ప్రత్యేకమైన, పరస్పరం ఆధారపడే మూడు వలయాలుగా గుర్తించింది. అప్పటికి దేశంలో తాత్కాలిక స్థానిక సంస్థలు 843 ఉండేవి. వాటిని కుదించి, సరిహద్దులు తిరగగీసి, 2000 డిసెంబరు ఎన్నికల నాటికి 284కు తెచ్చారు. ఇంత పెద్ద మార్పు జరిగేటప్పుడు వందల సంస్థలతో విడివిడిగా మాట్లాడటం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. వాటన్నిటి తరఫున ఒక్క గొంతు కావలసి వచ్చింది. రాజ్యాంగంలోని 163వ సెక్షన్ ఆ గొంతును గుర్తించడానికి చట్టం చేసి తీరాలని పార్లమెంటును ఆదేశించింది, 1997లో ఆ చట్టం వచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. నా దృష్టిలో సాల్గాను మిగతా సంఘాల నుంచి వేరు చేసేది ఒక్కటే. వినతిపత్రం పట్టుకుని వచ్చేవాడిగా కాక, అడిగి తీరవలసిన పక్షంగా చట్టం దాన్ని చూస్తుంది. స్థానిక ప్రభుత్వాల హోదాను, అధికారాలను, విధులను తాకే ఏ ముసాయిదా చట్టాన్నయినా పార్లమెంటులోగానీ ప్రావిన్సు శాసనసభలోగానీ ప్రవేశపెట్టక ముందే ప్రచురించి, సంఘటిత స్థానిక ప్రభుత్వానికి, అంటే సాల్గాకు, తన అభిప్రాయం చెప్పే అవకాశం ఇవ్వాలని 154వ సెక్షన్ చెబుతుంది. జాతీయ రాబడిని మూడు వలయాల మధ్య పంచే చట్టాన్ని ప్రతి ఏటా చేస్తారు. ఆ చట్టం చేసే ముందు ప్రావిన్సులతో, సాల్గాతో, ఆర్థిక కమిషన్‌తో సంప్రదించాలని 214వ సెక్షన్ నిర్బంధిస్తుంది. ఆ ఆర్థిక కమిషన్‌లో ఉండేది తొమ్మిది మంది. వారిలో ఇద్దరిని సాల్గాను సంప్రదించిన తర్వాతే ఎంపిక చేయాలి. బడ్జెట్ ఫోరం అని ఇంకొకటి ఉంది. అందులో జాతీయ ఆర్థిక మంత్రి, ప్రావిన్సుల ఆర్థిక మంత్రులు ఒకవైపు ఉంటే, సాల్గా ప్రతినిధులు ఐదుగురు, ప్రావిన్సు స్థాయి నుంచి ఒక్కొక్కరు రెండోవైపు ఉంటారు. 2005 నాటి చట్టం ప్రకారం, దేశాధ్యక్షుడు ప్రావిన్సుల ప్రధానులతో జరిపే సమన్వయ మండలి సమావేశంలో కూడా సాల్గా తరఫున ఒకరికి కుర్చీ ఉంది.

ఇవన్నీ చదివి అక్కడ మున్సిపాలిటీలు అడిగిందల్లా దొరుకుతుందని అనుకోవద్దు. సంప్రదించడం అంటే ఒప్పుకోవడం కాదు. అయితే పద్దుల మనిషిగా ఒక సంగతి చెప్పగలను. ఏడాది కేటాయింపులు అచ్చయిన తర్వాత వాటిని మార్పించడం దాదాపు అసాధ్యం. అవి లెక్కగా తయారవుతున్నప్పుడు ఆ బల్ల దగ్గర ఉన్నవాడు చిన్న అంకెనైనా కదిలించగలడు. పేద కుటుంబాలకు ఉచితంగా ఇచ్చే నీళ్లకు, కరెంటుకు ఒక్కో ఇంటికి ఎంత ఖర్చవుతుందని లెక్క కట్టాలి, ఆస్తి పన్ను రాని పల్లె మున్సిపాలిటీకి పాలనా ఖర్చు కింద ఎంత ఇవ్వాలి వంటి చిన్న చిన్న సూత్రాల దగ్గరే అసలు పోట్లాట జరుగుతుంది. అక్కడ జాతీయ రాబడిలో స్థానిక ప్రభుత్వాలకు నేరుగా వచ్చేది పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. మున్సిపాలిటీలు తమ ఖర్చులో 90 శాతం సొంత రాబడి నుంచే భరించగలవన్న అంచనాను 1998 నాటి శ్వేతపత్రం స్వీకరించింది. జొహానెస్‌బర్గ్‌కు అది సరిపోతుందేమో గానీ, గనులు మూతపడి సగం జనాభాకు పని లేని ఊరికి ఎలా సరిపోతుందని సాల్గా ఏళ్ల తరబడి వాదిస్తూ వచ్చింది. ఆ వాదన ఇంకా పూర్తిగా నెగ్గలేదు.

పార్లమెంటులో సాల్గా స్థానం మరీ విచిత్రమైనది, మీకు తప్పక ఆసక్తి కలిగిస్తుంది. అక్కడి ఎగువ సభ పేరు ప్రావిన్సుల జాతీయ మండలి. తొమ్మిది ప్రావిన్సుల నుంచి పదేసి మంది చొప్పున తొంభై మంది సభ్యులుంటారు. వీరు కాక, సాల్గా పంపే ప్రతినిధులు పది మంది వరకు సభలో కూర్చుని చర్చలో పాల్గొనవచ్చు. ప్రావిన్సులకు సంబంధించిన బిల్లు మీద ఓటింగ్ వచ్చేసరికి సభాధ్యక్షులు ప్రావిన్సుల పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తారు, ఆ ప్రతినిధి బృందం నాయకుడు లేచి తమ ప్రావిన్సు మొత్తం తరఫున ఒకే ఓటు చెబుతారు, తొమ్మిదింటిలో ఐదు వస్తే బిల్లు నెగ్గుతుంది. ఆ పిలుపులో సాల్గా పేరు ఉండదు. అప్పటిదాకా మాట్లాడిన మేయరు, కౌన్సిలరు మౌనంగా కూర్చుంటారు.

మన దగ్గర పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం శాసనమండలిలో మూడో వంతు సభ్యులను స్థానిక సంస్థల ప్రతినిధులే ఎన్నుకుంటారు. ఆంధ్రప్రదేశ్ మండలిలోని 58 స్థానాల్లో 20, తెలంగాణ మండలిలోని 40 స్థానాల్లో 14 అలా భర్తీ అయ్యేవే. కౌన్సిలర్‌గా మీకూ ఆ ఎన్నికలో ఓటుంది. అంటే మన స్థానిక సంస్థలకు చట్టసభలో కుర్చీ ఒక్కటే కాదు, ఓటు కూడా ఉంది. కానీ అలా గెలిచిన ఎమ్మెల్సీ పార్టీ టికెట్ మీద వస్తారు, పార్టీ విప్ ప్రకారం ఓటేస్తారు. మున్సిపాలిటీలు కలిసి తీర్మానం చేసి 'ఈ బిల్లు మీద మా మాట ఇది' అని వారి చేతిలో పెట్టే ఏర్పాటు లేదు, సభ అయ్యాక వారు తిరిగి వచ్చి మీకు చెప్పవలసిన పనీ లేదు. సాల్గా ప్రతినిధికి ఓటు లేదు గానీ చేతిలో 257 మున్సిపాలిటీల తీర్మానం ఉంటుంది. మన ఎమ్మెల్సీకి ఓటుంది, తీర్మానం లేదు. నన్ను అడిగితే రెండోదే పెద్ద లోటు అంటాను.

దక్షిణాఫ్రికా ఎగువ సభలో సాల్గాకున్న ఆ కుర్చీ అన్నిటికంటే పనికొచ్చేది ఒక మున్సిపాలిటీని ప్రావిన్సు ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్నప్పుడు. 139వ సెక్షన్ కింద ప్రావిన్సుకు ఆ అధికారం ఉంది. అక్కడ తరచుగానే వాడతారు కూడా. అయితే జోక్యం చేసుకున్న 14 రోజుల్లో జాతీయ మండలికి తెలియజేయాలి. 180 రోజుల్లోగా మండలి ఆమోదించకపోతే ఆ జోక్యం అంతటితో ఆగిపోవాలి. ఆ విచారణలో సాల్గా ప్రతినిధులు కూడా మాట్లాడతారు. మన దగ్గర పాలకవర్గాన్ని రద్దు చేయాలంటే ముందు దాని వాదన వినాలని 243-యు అధికరణం చెబుతున్నా, రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయాన్ని మరో సభ ముందు నిలబెట్టే పద్ధతి లేదు. నేరుగా హైకోర్టు మెట్లెక్కడమే మార్గం.

జీతాల బేరం సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఒక సంఘానికి నిజమైన అధికారం ఉంటే సభ్యులకే అది ఎంత చేదుగా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. మున్సిపల్ కార్మికుల సంఘాలు రెండు, సామ్వు, ఇమాటు అని. అవి ఒకవైపు, సాల్గా ఒకవైపు కూర్చుని స్థానిక ప్రభుత్వ బేరసారాల మండలిలో కొన్నేళ్లకు కలిపి ఒకే ఒప్పందం చేసుకుంటాయి. 2024లో కుదిరినది ఐదేళ్ల ఒప్పందం. అది దేశం మొత్తానికి వర్తిస్తుంది, ఫలానా ఊరి ఖజానా ఖాళీగా ఉందన్న కారణంతో దానంతట అది సడలదు. రాజధాని ప్రిటోరియాను పాలించే ష్వానే మహానగరం 2023లో 5.4 శాతం పెంపు ఇవ్వలేనని, తనకు మినహాయింపు కావాలని మండలిని కోరింది. కార్మికులు సమ్మెకు దిగారు, చెత్త బండ్లు నిలిచిపోయాయి, నగరం కొందరిని ఉద్యోగాల నుంచి తీసేసింది, చివరికి మినహాయింపు మాత్రం దొరకలేదు. ష్వానే కోణం నుంచి చూస్తే తాను సంతకం పెట్టని కాగితానికి తాను డబ్బు కట్టవలసి వచ్చింది. కార్మికుల కోణం నుంచి చూస్తే ప్రతి మున్సిపాలిటీ ముందూ వేర్వేరుగా సమ్మె చేయవలసిన అవసరం తప్పింది. మన పారిశుధ్య కార్మికులు ప్రతి రెండు మూడేళ్లకు జీతాల కోసం సమ్మె చేసినప్పుడు వాళ్లతో మాట్లాడేది రాష్ట్ర మంత్రులు, పురపాలక శాఖ. జీతం చెల్లించే మున్సిపాలిటీకి ఆ గదిలో కుర్చీ ఉండదు. ఎంతకు ఒప్పుకున్నారో మర్నాడు పేపర్లో చూసి బడ్జెట్ సవరించుకోవడం చైర్‌పర్సన్‌కు, అకౌంట్స్ సెక్షన్‌కు మిగిలే పని.

సాల్గా లోపాలు చెప్పకుండా వదిలేస్తే మీకు సగం బొమ్మే ఇచ్చినట్టవుతుంది. మొదటిది పార్టీ. చాలా కాలం దేశంలోని అత్యధిక మున్సిపాలిటీలు ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ చేతిలో ఉండటంతో, సంఘం నాయకత్వమూ ఆ పార్టీ చేతిలోనే ఉంటూ వచ్చింది. జొహానెస్‌బర్గ్ మేయర్లుగా పనిచేసిన ఏమస్ మసోండో, పార్క్స్ టావ్ ఇద్దరూ సాల్గాకు నాయకత్వం వహించినవారే. తర్వాత మసోండో జాతీయ మండలి అధ్యక్షులయ్యారు, టావ్ కేంద్ర మంత్రి అయ్యారు. పైమెట్టుకు ఎక్కాలనుకునేవారు ఆ పైమెట్టుతో ఎంతవరకు పోట్లాడతారన్న అనుమానం ప్రతిపక్ష కౌన్సిలర్లకు సహజంగానే ఉంటుంది. రెండోది, పెద్ద నగరాలకూ చిన్న ఊళ్లకూ మధ్య పొసగని ప్రయోజనాలు. మహానగరాలు సొంత రాబడి మీద బతుకుతాయి, అప్పు తెచ్చుకోగలవు. పల్లె మున్సిపాలిటీలకు కేంద్ర వాటాయే ప్రాణం. ఒకే సంఘం ఇద్దరి తరఫునా ఒకే గొంతుతో మాట్లాడితే ఎవరో ఒకరు తమ మాట దిగమింగుకోవాలి. పెద్ద నగరాలు 2002లో దక్షిణాఫ్రికా నగరాల నెట్‌వర్క్ అని వేరే వేదిక పెట్టుకున్నాయి. జర్మనీ వాళ్లు ఈ చిక్కును మరో రకంగా విప్పుకున్నారు. అక్కడ 1905లో మొదలైన నగరాల సంఘం వేరు, చిన్న పట్టణాలు, గ్రామాల సంఘం వేరు, జిల్లాల సంఘం వేరు, అవసరమైనప్పుడు మూడూ కలిసి ప్రకటన ఇస్తాయి.

మూడో లోపం అన్నిటికంటే బరువైనది. సభ్యుల పాలన బాగా లేకపోతే సంఘం ఎంత గట్టిగా మాట్లాడినా వినేవాళ్లు తగ్గిపోతారు. 2022-23 ఆడిట్‌లో 257 మున్సిపాలిటీల్లో ఏ అభ్యంతరమూ లేకుండా బయటపడినవి 34 మాత్రమే. విద్యుత్ సంస్థ ఎస్కాంకు మున్సిపాలిటీల బకాయిలు కొండలా పెరిగాయి. జనం నుంచి కరెంటు బిల్లు వసూలు చేసి ఎస్కాంకు కట్టని ఊళ్లూ ఉన్నాయి, జనం కట్టక తాము కట్టలేని ఊళ్లూ ఉన్నాయి. విద్యుత్ పంపిణీ చేసే రాజ్యాంగ హక్కు మున్సిపాలిటీలకు ఉందని సాల్గా వాదిస్తే, ఆర్థిక శాఖ బకాయిల పట్టిక చూపిస్తుంది. ఆ చర్చ ఎటు పోతుందో మీరు ఊహించుకోవచ్చు.

ఇప్పుడు మన సంగతి. మున్సిపాలిటీలకు మన రాజ్యాంగంలో చోటిచ్చిన 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో 18 విధులు చేర్చింది, రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని, ఎన్నికల సంఘాన్ని తప్పనిసరి చేసింది. కానీ ఒక్కో మున్సిపాలిటీని విడిగా నిలబెట్టిందే తప్ప, వాటన్నిటి తరఫున మాట్లాడే సంఘం గురించి ఒక్క వాక్యమూ రాయలేదు. దేశ స్థాయిలో మేయర్ల మండలి ఉంది, 1926లో బొంబాయిలో మొదలైన అఖిల భారత స్థానిక స్వపరిపాలన సంస్థ శిక్షణలో మంచి పని చేస్తోంది. వాటికి గౌరవం ఉంది, హక్కు లేదు. అంతర్రాష్ట్ర మండలిలో, నీతి ఆయోగ్ పాలక మండలిలో మేయరుకు స్థానం లేదు. జీఎస్టీ మండలి ఏర్పడినప్పుడు కేంద్రం, రాష్ట్రాలు కూర్చున్నాయి. ఊళ్లోకి వచ్చే సరుకు మీద వేసే పన్ను, ఆక్ట్రాయ్ మీద ఆధారపడ్డ ముంబై నగరపాలక సంస్థ ఆ పన్ను 2017 జూలై 1 నుంచి పోతున్నప్పుడు రాష్ట్రం చేసే పరిహార చట్టం కోసం ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు.

కేంద్ర ఆర్థిక సంఘం రాష్ట్రాలకు వచ్చినప్పుడు స్థానిక సంస్థల ప్రతినిధులను కలుస్తుంది, అది నిజమే. ఆ సమావేశాలకు మా కార్యాలయాల నుంచి కాగితాలు తయారుచేసి పంపిన అనుభవం నాకుంది. ఒక చైర్‌పర్సన్ మంచినీటి పైపులైను అడుగుతారు, మరొకరు డంపింగ్ యార్డుకు స్థలం అడుగుతారు, ఇంకొకరు బస్టాండు దగ్గర వంతెన అడుగుతారు. సభ్యులు మర్యాదగా విని రాసుకుంటారు. ఎవరి ఊరి బాధ వారికి నిజమే, కానీ ఆర్థిక సంఘం చేతిలో ఉండేది ఊరి వంతెన కాదు. పంపిణీ సూత్రంలో జనాభాకెంత, విస్తీర్ణానికెంత, నిధుల్లో ఎంత భాగం షరతులు లేకుండా ఇవ్వాలి అన్నదే దాని చేతిలో ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థలకు సిఫారసు చేసింది 4,36,361 కోట్ల రూపాయలు. అందులో పట్టణ సంస్థల వాటా 1,21,055 కోట్లు. అంత డబ్బుకు సంబంధించిన సూత్రం మీద మాట్లాడవలసిన గంటలో మనవాళ్లు వంతెన గురించి మాట్లాడారంటే తప్పు వాళ్లది కాదు. అందరి లెక్కలూ ముందుగా ఒకచోట చేర్చి, ఉమ్మడి పత్రం రాసి ఇచ్చే కార్యాలయం వాళ్ల వెనకాల లేదు. సాల్గాకు ఉన్నదీ, మన చాంబర్లకు లేనిదీ ముఖ్యంగా అదే: జీతం తీసుకుని ఏడాది పొడుగునా ఈ లెక్కలే చూసే ఆర్థిక నిపుణులు, న్యాయవాదులు. వాళ్ల జీతం సభ్యుల రుసుము నుంచి వస్తుంది కాబట్టి ఎవరి దయా అక్కరలేదు.

ఇంకో అడ్డంకి చెప్పాలి. సంఘం అంటే ఎన్నికైనవాళ్ల సంఘం. ఎన్నికలే జరగకపోతే కుర్చీలో ఎవరు కూర్చుంటారు? విశాఖపట్నం మహానగర పాలక సంస్థకు 2012లో పాలకవర్గం గడువు ముగిశాక 2021 మార్చిలో గానీ ఎన్నికలు జరగలేదు. తొమ్మిదేళ్లు ఆంధ్రప్రదేశ్‌లో అతి పెద్ద నగరానికి మేయరు లేరు. తెలంగాణలో చాలా మున్సిపాలిటీల గడువు 2025 జనవరిలో ముగిసి ప్రత్యేక అధికారుల పాలన వచ్చింది. ప్రత్యేక అధికారి ఎంత సమర్థుడైనా ప్రభుత్వ ఉద్యోగి. ప్రభుత్వం ముందు మున్సిపాలిటీ తరఫున వాదించమని ఆయన్ను అడగలేం. దక్షిణాఫ్రికాలో దేశమంతటా ఒకే రోజున, ఐదేళ్లకోసారి, గడువు ముగిసిన 90 రోజుల్లోగా ఎన్నికలు జరగాలి. కోవిడ్ కారణంగా 2021 ఎన్నికలను వాయిదా వేస్తామని ఎన్నికల కమిషన్ అడిగితే రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకోలేదు. నవంబరు 1న ఎన్నికలు జరిగాయి. 2022 మార్చిలో కేప్‌టౌన్‌లో కొత్త కౌన్సిలర్లతో సాల్గా మహాసభ జరిగి, కొత్త నాయకత్వం వచ్చింది. మొత్తం యంత్రం అలా ఒకే గడియారం మీద నడుస్తుంది. మన దగ్గర ఒకే రాష్ట్రంలో కార్పొరేషన్‌కొక తేదీ, పంచాయతీకొక తేదీ.

మన రాష్ట్రాల్లో సాధ్యమా అంటే, జాతీయ స్థాయిలో రాజ్యాంగ గుర్తింపు దగ్గరలో వచ్చేలా నాకు కనిపించడం లేదు. స్థానిక పాలన రాష్ట్ర జాబితాలోని అంశం, తమ పక్కన మూడో కుర్చీ వేయడానికి రాష్ట్రాలు ఒప్పుకోవు. కానీ రాష్ట్ర స్థాయిలో చేయగలిగింది చాలా ఉంది. కేరళలో గ్రామ పంచాయతీల సంఘాన్ని, మున్సిపల్ చైర్మన్ల చాంబర్‌ను ప్రభుత్వం సంప్రదింపులకు పిలవడం అలవాటుగా మారింది. మన దగ్గరా చాంబర్లున్నాయి. ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కారు. అంటే కలిసి నిలబడే శక్తి లేకపోలేదు. కాకపోతే డబ్బు పోయిన తర్వాత నిలబడ్డారు.

చైర్‌పర్సన్ కాని మామూలు కౌన్సిలర్ ఏం చేయగలరని మీ ప్రశ్న చివర్లో సందేహపడ్డారు. సాల్గా మహాసభల్లో, పార్లమెంటు ప్రతినిధి బృందాల్లో మేయర్లతో పాటు మామూలు కౌన్సిలర్లూ ఉంటారు, కాబట్టి అది అడ్డంకి కాదు. మీ జిల్లాలో మీ స్థాయి మున్సిపాలిటీలు నాలుగైదింటిని ఎంచుకుని, గత మూడేళ్ల ఆస్తి పన్ను డిమాండు, వసూలు, వీధి దీపాలు, నీటి పంపుల కరెంటు బిల్లు, పారిశుధ్య కార్మికుల జీతాల ఖర్చు, ఆర్థిక సంఘం గ్రాంటు మంజూరైన తేదీ, ఖాతాలో పడిన తేదీ ఒకే పట్టికలో పెట్టించండి. ఈ అంకెలన్నీ అకౌంట్స్ సెక్షన్ దగ్గర ఉంటాయి, ఇవ్వనంటే సమాచార హక్కు దరఖాస్తు చాలు. ఆ పట్టికతో నాలుగైదు కౌన్సిళ్లలోనూ అక్షరం మార్చకుండా ఒకే తీర్మానం చేయించి, రాష్ట్ర ఆర్థిక సంఘానికి, పురపాలక శాఖ కార్యదర్శికి, మీ ఓట్లతో గెలిచిన స్థానిక సంస్థల ఎమ్మెల్సీకి పంపండి. ఎమ్మెల్సీకి పంపేటప్పుడు సభలో ఈ తీర్మానం గురించి ఏం మాట్లాడారో రాతపూర్వకంగా తెలియజేయమని కూడా చివర ఒక వాక్యం చేర్చండి. పట్టిక నమూనా కావాలంటే ఇక్కడే అడగండి, తయారుచేసి ఇస్తాను.